చేపల తొట్టెలో కనబడని విషము



నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. చదివినది వ్యాకరణము, కావ్యములు. అట్టి నాకు చేపలను గూర్చి మాటలాడుటకు ఏమి యధికారము కలదని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. అధికారము లేదు, అనుభవము మాత్రము కలదు. అదియు గొప్పగా చెప్పుకొనదగిన యనుభవము కాదు. నా చేతులారా రెండు ప్రాణములను తీసి, ఆ నేరమును పదియేండ్ల పిల్లపై మోపితిని. పిమ్మట నిజము తెలిసికొని, మిగిలిన రెండు ప్రాణములను నిలుపుకొంటిని. ఆ నిలుపుకొన్న విధమును చెప్పినచో మీ యిండ్లలోని పిల్లలకును, వారు పెంచుకొను చేపలకును మేలగునను తలంపుతో ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

మాది కొల్లేటి సరస్సునకు చేరువనున్న గ్రామము. ఊరి చుట్టును చేపల చెరువులే. అయినను ఇంటిలో గాజు తొట్టె యుంచి, అందు చేపలను పెంచి, వాటి యాటను చూచి సంతోషించుట మా తరమువారి యలవాటు కాదు. ఇప్పటి పిల్లలకు అది ముచ్చట. మా మనుమరాలి పుట్టినరోజునకు దాని మేనమామ పట్టణమునుండి ఒక గాజు తొట్టెను, నాలుగు బంగారు చేపలను తెచ్చి యిచ్చెను. తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచువరకు నింపము గావున అందలి నీరు సుమారు 50 లీటర్లనుకొందము. అడుగున గులకరాళ్లు పరచియుండెను. ఒక మూలను నీటిని పీల్చి వడకట్టి విడుచు చిన్న యంత్రము, దాని లోపల ఒక స్పాంజి. నాలుగు మాసములు చేపలు సుఖముగా నున్నవి. పిల్ల బడినుండి వచ్చి పుస్తకముల సంచి దింపకమునుపే తొట్టె కడకు పోయెడిది. చేపలును దానిని చూచి ముందునకు వచ్చెడివి.

అంతలో సంక్రాంతి వచ్చెను. పండుగకు ముందు ఇల్లంతయు దులిపి సున్నము వేయుట మన యాచారము గదా. గోడలు తెల్లబడినవి. ఇత్తడి సామాను తళతళలాడినది. గాజు తొట్టె మాత్రము గోడలు పసరుపట్టి, లోపలి స్పాంజి బురదవలె నల్లబడి, నా కంటికి మైలగా తోచెను. పిల్ల బడిలో నున్న సమయమున చేపలను ఒక పళ్లెములోనికి తీసి, పాత నీరంతయు పెరటిలో పోసి, గులకరాళ్లను కొళాయి క్రింద పలుమారులు కడిగి, స్పాంజిని పిండి పిండి తెల్లగా వచ్చువరకు ఉతికి, ఊరగాయ జాడీని ఆరబెట్టినట్లు అన్నింటిని ఎండలో ఆరబెట్టితిని. సాయంకాలమునకు కొత్త నీరు నింపి చేపలను విడిచితిని. తొట్టె అద్దమువలె మెరసెను. నీ చేపలకు కొత్త యిల్లు కట్టించితినని పిల్లతో గొప్పగా చెప్పుకొంటిని.

మూడవనాడు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి గాలికొరకు తపింపసాగెను. వాటి రెక్కలు ముడుచుకొనిపోయెను. మొప్పలు ఎఱ్ఱగా కమిలెను. నీరు మాత్రము స్ఫటికమువలె తేటగా నున్నది. ఐదవనాటి యుదయమున ఒక చేపయు, సాయంకాలమున మరియొక చేపయు చనిపోయెను. అంతకు ముందటి దినమున పిల్ల రెండు మారులు మేత వేయుట నేను చూచియుంటిని. నీ యతిముద్దే వాటిని చంపినదని, ఇక తొట్టె జోలికి పోవలదని కసరితిని.

“నేను ఎప్పుడూ వేసేంతే వేశాను తాతయ్యా” అని యది మెల్లగా ననెను. నేను వినలేదు. పిల్లలు చెప్పు సమాధానమును వినకుండుట ఉపాధ్యాయులలో కొందరికి గల పాత రోగము.

మరునాడు నా పూర్వశిష్యుడొకడు నన్ను చూడవచ్చెను. అతడు చేపల పెంపకపు చదువు చదివి, చెరువుల నీటిని పరీక్షించు పనిలో నున్నవాడు. తొట్టెను చూడగనే కూర్చున్నవాడు లేచెను. తన సంచినుండి చిన్న సీసాలను తీసి, సన్నని గాజు గొట్టములో కొంచెము తొట్టె నీరు పోసి చుక్కలు వేసెను. అమోనియా లేని నీరైనచో ఆ చుక్కలకు పసుపుపచ్చగా నుండునట. మా నీరు కొన్ని నిమిషములలో ముదురు ఆకుపచ్చగా మారెను. ఆ రంగును పట్టికతో పోల్చి చూచి, “లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల అమోనియా ఉంది మాష్టారూ. అసలు సున్న ఉండాలి” అనెను.

పిమ్మట అతడడిగిన మొదటి ప్రశ్న మేతను గూర్చి కాదు. “స్పాంజి ఎప్పుడు కడిగారండీ?” అని.

“పండుగ ముందు. తెల్లగా వచ్చేదాకా కడిగి ఎండబెట్టాను” అంటిని.

అతడు తల వంచుకొని కొంతసేపు ఊరకుండెను. గురువు తప్పును గురువుతో చెప్పుటకు శిష్యునకు నోరాడదు. గుమ్మము కడ నిలిచియున్న పిల్ల మాత్రము నావైపు చూచెను.

ఈ అమోనియా యనగా నేమి? పేరు కొత్తగాని, వస్తువు మనకు కొత్తది కాదు. తెల్లవారుజామున పశువుల కొట్టము తలుపు తీయగనే ముక్కున కెక్కి కన్నులలో నీరు తెప్పించు ఘాటు అదియే. పశువు మూత్రము మురిగినప్పుడు పుట్టు వాయువది. మనము తిన్న పప్పు, పాలు మొదలగు మాంసకృత్తులు శరీరమున అరిగి ఖర్చైన పిదప మిగులు మలినము కూడ మొదట అమోనియాయే. మన కాలేయము దానిని యూరియాగా మార్చి మూత్రమున బయటకు పంపును. చేపకు ఆ శ్రమ లేదు. అది చాలవరకు అమోనియానే తిన్నగా మొప్పల ద్వారా నీటిలోనికి విడుచును. తినక మిగిలిన మేత, కుళ్లిన ఆకు, చనిపోయిన చేప, ఇవియు మురిగి అమోనియానే పుట్టించును.

నదిలోని చేపకు దీనివలన బాధ లేదు. చుట్టును అపారమైన జలము. ప్రవాహము మలినమును కొనిపోవును. గాజు తొట్టెలోని చేపకు అట్టి సౌకర్యము లేదు. అది తిను గదియు, పడుకొను గదియు, మరుగుదొడ్డియు ఒక్కటే. మీకు లెక్కచేసి చూపుదును. మంచి మేత ఒక గ్రాము వేసినచో, అందుండి తుదకు సుమారు 30 మిల్లీగ్రాముల అమోనియా పుట్టునని చేపల పెంపకమున స్థూలముగా లెక్కింతురు. 50 లీటర్ల నీటిలో అది లీటరుకు 0.6 మిల్లీగ్రాము. రోజునకు ఒక గ్రాము చొప్పున వారము దినములు వేసినచో, తొలగించువారెవ్వరును లేనప్పుడు, లీటరుకు నాలుగు మిల్లీగ్రాములు దాటును. ఇంత స్వల్పమైన మొత్తమునకు రంగు లేదు. మన ముక్కునకు వాసనయు తగులదు. కావుననే తేట నీటిని చూచి నేను మోసపోతిని. కంటికి నిర్మలమైన నీరు చేపకు నిర్మలము కానక్కరలేదు.

అప్పుడు నాకొక యుపాయము తోచెను. మా చెరువులలో నీరు పాడైనప్పుడు సున్నము చల్లుట చూచియుంటిని. పెరటిలో పండుగకు తెచ్చిన సున్నము మిగిలియున్నది. ఒక గరిటెడు సున్నపు తేట తొట్టెలో పోయుదునా యంటిని. శిష్యుడు నా చేయి పట్టుకొన్నంత పని చేసెను. “పోస్తే ఉన్న రెండూ గంటలో పోతాయి మాష్టారూ” అనెను.

కారణము వినుడు. నీటిలో అమోనియాకు రెండు రూపములు గలవు. ఒకటి మిక్కిలి విషము. అది మొప్పలగుండ చేప రక్తములోనికి దూరును. రెండవది లవణరూపమున అణగియుండునది. దాని బాధ చాల తక్కువ. ఈ రెంటిలో నేది యెంత యుండునో నిర్ణయించునది ముఖ్యముగా నీటి క్షారగుణము, తరువాత వేడి. క్షారగుణమును కొలుచు అంకెను పీ.హెచ్. అందురు. 25 డిగ్రీల వేడిలో పీ.హెచ్. 7 ఉన్నప్పుడు నూటికి ఒక పాలైనను విషరూపమున నుండదు. 8 అయినప్పుడు నూటికి సుమారు 5 పాళ్లు. 9 అయినప్పుడు సుమారు 36 పాళ్లు. సున్నము క్షారము. దానిని పోసినచో పీ.హెచ్. పైకి పోవును, అణగియున్న విషము లేచి కూర్చుండును.

ఇది నాకు వెంటనే మనస్సున కెక్కుటకు మరియొక కారణము కలదు. పాత్రలకు కళాయి వేయువాడు నవాసాగరము చల్లుట మీలో పెద్దలు చూచియుందురు. మా చిన్నతనమున ఎవరికైన తల తిరిగి పడిపోయినచో నవాసాగరమును సున్నముతో కలిపి నలిపి వాసన చూపెడివారు. విడిగా నున్నప్పుడు నవాసాగరమునకు ఘాటు లేదు. సున్నము తగులగనే ముక్కు పగులునంత ఘాటు వచ్చును. ఆ ఘాటు అమోనియాయే. నవాసాగరములో అణగియున్న దానిని సున్నము విడిపించినది. నేను తొట్టెలో చేయబూనినదియు అదియే. కొండనాలుకకు మందు వేసిన నున్న నాలుక యూడినదను సామెత నాకొరకే పుట్టినట్లున్నది.

మా తొట్టె నీటి పీ.హెచ్. చూడగా 8 గా నున్నది. అనగా లీటరుకు నాలుగు మిల్లీగ్రాములలో 0.2 మిల్లీగ్రాము విషరూపము. ఆ రూపము 0.02 మిల్లీగ్రాము మించకుండుట మేలని చెప్పుదురు. మా చేపలు దానికి పది రెట్ల విషములో ఈదుచున్నవి.

ఇక చేసిన చికిత్స చెప్పెదను. మొదటి పని, మేత మానుట. ఆరోగ్యముగా పెరిగిన చేప రెండు మూడు దినములు మేత లేకున్నను చావదు. మేత వేసినచో విషము పెరిగి చచ్చును. జాలితో వేసిన చిటికెడు మేత ఆ సమయమున శత్రువు చేయు పని చేయును. రెండవ పని, అడుగున చేరిన మేత తునకలను, మలమును సన్నని గొట్టముతో నీటితో కూడ బయటకు లాగివేయుట. మూడవది, గాలి బుడగలను ఎక్కువగా విడుచుట. మొప్పలు దెబ్బతిన్న చేపకు ఊపిరి కష్టము గదా.

నాలుగవదియు ముఖ్యమైనదియు నీరు మార్చుట. ఇందు బడిపిల్లల లెక్క యున్నది. సగము నీరు తీసి, అమోనియా లేని కొత్త నీరు పోసినచో విషము సగమగును. నాలుగు రెండగును, మరల సగము మార్చిన రెండు ఒకటి యగును. ఒకేసారి అంతయు మార్చరాదాయని మీరడుగవచ్చును. నీరసించిన చేపకు నీటి వేడియు గుణమును ఒక్కుమ్మడిగా మారుట మరియొక దెబ్బ. అదియుగాక చాలకాలము నీరు మార్చని తొట్టెలో పీ.హెచ్. క్రమముగా పడిపోయి అమోనియా అణగి నిలిచియుండును. అందు క్షారగుణముగల బోరునీరు ఒక్కసారి నింపినచో సున్నము పోసినంత కీడు జరుగవచ్చును. అట్టి తొట్టెలో కొద్దికొద్దిగా, పలుమారులు మార్చుటయే మార్గము. మాది కొత్తగా నింపిన నీరే గావున ఆ సాయంకాలము సగము, మరునాటి యుదయము సగము మార్చితిమి.

కొత్త నీటి విషయమున రెండు జాగ్రత్తలు. కొళాయి నీటిలో క్రిములను చంపుటకు క్లోరిను కలుపుదురు. అది మొప్పలను కాల్చును. ఆ నీటిని వెడల్పు మూతిగల పాత్రలో ఒక దినము తెరచియుంచినచో క్లోరిను చాలవరకు ఎగిరిపోవును. కొన్ని పట్టణములలో క్లోరమీను అను మరియొక రూపమున కలుపుదురు. అది నిలువయుంచినను అంత త్వరగా పోదు. దానికి చేపల యంగడిలో దొరకు మందుచుక్కలు వాడవలెను. ఇక రెండవ జాగ్రత్త మావంటి పాతకాలపువారికి. నీరు నిలువయుంచుటకు నేను రాగిబిందె తీసితిని. రాగిబిందెలోని నీరు మనకు శ్రేష్ఠమైనను, నీటిలో కరగిన రాగి చేపకు విషము. ప్లాస్టిక్ బొక్కెన చాలును. దానికి సబ్బు తగిలియుండరాదు.

ఇంతవరకు చెప్పినది మంట నార్పుట. ఇల్లు నిలుపుట వేరు. నాలుగు మాసములు నీరు నిర్మలముగా నుండి, నేను శుభ్రపరచిన మూడవనాటికే ఏల విషమయ్యెను? నేను మైల యనుకొన్న ఆ నల్లని జిగురే చేపలను కాపాడుచుండెను. స్పాంజిని, గులకరాళ్లను, గాజు గోడలను అంటిపెట్టుకొని కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది యుండును. అమోనియాయే వాటి యాహారము. ఒక జాతి దానిని నైట్రైటుగా మార్చును. మరియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు కొంత పెరిగినను చేప సహించును. వారమున కొకమారు కొంత నీరు మార్చినచో అది పోవును. మన పెంటకుప్పలో జరుగునదియు చాలవరకు ఇదియే. పచ్చి యెరువు వేసిన మొక్క మాడును; మాగిన యెరువు వేసిన మొక్క పెరుగును. నేను కొళాయి నీటితో ఉతికి, ఎండలో పెట్టి, ఆ పనివారినందరిని ఒక్కపూటలో చంపితిని.

ఈ సంగతి మానవులకు తెలిసి ఎంతోకాలము కాలేదు. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోజింగ్, మ్యూంట్జ్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు ఇసుకయు సున్నపురాయియు నింపిన గొట్టముగుండ మురుగునీటిని మెల్లగా పోవనిచ్చిరి. సుమారు ఇరువది దినములు అమోనియాలో మార్పు లేదు. పిమ్మట నైట్రేటు కనబడసాగెను. క్లోరోఫారము ఆవిరి పంపగా ఆ మార్పు ఆగెను. ఆవిరిని తొలగించినను అది తిరిగి రాలేదు. తోటమట్టి కలిపిన నీటిని కొంచెము పోయగా కొన్నినాళ్లకు మరల ఆరంభమయ్యెను. అనగా ఆ పని చేయునవి ప్రాణముగలవని తేలినది. మా యింట జరిగిన కథయంతయు ఆ గొట్టములో నున్నది. వారి క్లోరోఫారము వంటిది నా కొళాయియు నా యెండయు.

మరియొక వింత. లండను నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1850లో ఒక సంగతి ప్రకటించెను. గాజు తొట్టెలో రెండు బంగారు చేపలను, నీటిమొక్కలను ఉంచి, కుళ్లిన ఆకులను తినుటకు నత్తలను చేర్చినచో, ఒకదానివలన నొకటి బ్రతుకునని. అదే పేరుగల ఆయన కుమారుడు ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో అమోనియా నైట్రేటుగా మారుటను గూర్చి యేండ్ల తరబడి పరిశోధించి, ఆ మార్పు రెండు మెట్లలో జరుగునని చూపెను. తండ్రి తొట్టెలో కనబడని పనివారిని కొడుకు వెదకినట్లయ్యెను. 1890లో వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ జీవులను విడదీసి పెంచి చూపెను. రెండు మెట్లను ఒక్కటియే ఎక్కగల జీవులును కలవని 2015లో తెలిసినది.

ఈ జీవులు మిక్కిలి నిదానముగా పెరుగును. సామాన్య సూక్ష్మజీవులలో అనేకములు అరగంటలో రెట్టింపగును; ఇవి రెట్టింపగుటకు ఒక దినమైనను పట్టవచ్చును. కావున కొత్త తొట్టె కుదురుకొనుటకు సామాన్యముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. దానిని త్వరపరచు నుపాయము మన వంటయింటిలోనిదే. పాలు పెరుగగుటకు తోడు కావలెను గదా. శిష్యుడు తన యింటి తొట్టెలోని పాత స్పాంజి ముక్కను, దాని నీటిలోనే తడియారకుండ తెచ్చి మా యంత్రములో నుంచెను. రోగములేని తొట్టెనుండియే తోడు తేవలెను. కాగుచున్న పాలలో తోడు వేసిన తోడు చచ్చినట్లు, క్లోరిను నీటిలో దీనిని వేసినను చచ్చును. వీటికి గాలి కావలెను. కరెంటు పోయి యంత్రము గంటల తరబడి ఆగినచో ఇవియు నశించును.

పిల్ల ఒక నోటుబుక్కులో గీతలు గీచి ప్రతిదినము అంకెలు వ్రాయసాగెను. పరీక్ష కూడ అదియే చేసెడిది. నేను కనుచూపు తక్కువవాడను గావున రంగును పోల్చుట దానివంతు. మొదటినాడు నాలుగు, రెండవనాడు ఒకటి, నాలుగవనాడు మరల ఒకటిన్నర. అంకె పెరిగిననాడు నేను నీరు మార్చితిని. మూడవనాటినుండి చేపలు రెండు నిమిషములలో తిని ముగించునంత మేత, దినము విడిచి దినము. ఎనిమిదవనాడు అమోనియా తగ్గి నైట్రైటు కనబడెను. మొదటి జాతి పనిలో ప్రవేశించినదనుటకు అది గుర్తు. కాని నైట్రైటు కూడ విషమే; అది రక్తమును చెడగొట్టి ఊపిరిని కొనిపోవు శక్తిని పోగొట్టును. దానికి విరుగుడు మన వంటయింటి ఉప్పు. అయొడిను చేర్చని ఉప్పును లీటరుకు ఒక గ్రాము చొప్పున, విడిగా నీటిలో కరగించి మెల్లగా కలిపితిమి. మీలో చెరువులవారికి జియొలైటు తెలిసియుండును. అమోనియాను పట్టియుంచు రాయి యది. తొట్టెలోను పనికివచ్చును. అయితే ఉప్పు తగిలినచో పట్టిన దానిని విడుచును గావున రెండును ఒకేసారి వాడరాదు.

ఇరువదినాలుగవనాడు అమోనియా సున్న, నైట్రైటు సున్న. మరునాడును అంతే. పిల్ల నోటుబుక్కు తెచ్చి నాముందుంచి సంతకము చేయుమనెను. బడిలో దిద్దుబాటు పుస్తకమునకు చేసినట్లు ఎఱ్ఱసిరా కలమే తెచ్చెను. నేను సంతకమునకు పైన ఒక పంక్తి వ్రాసితిని. రెండు చేపలు మేతవలన చావలేదనియు, తాతయ్య స్పాంజి కడుగుటవలన చనిపోయినవనియు వ్రాసితిని. పిల్ల చదువుకొని ఏమియు ననలేదు. కొంతసేపటికి, “అయితే ఇక నేను మేత వెయ్యొచ్చా?” అని యడిగెను. ముప్పదియైదేండ్లలో ఎన్ని పుస్తకములు దిద్దితినో! నా తప్పును దిద్దుకొన్నది మాత్రము అందొక్కదానిలోనే.

మీ యిండ్లలో తొట్టె యున్నచో ఈ కొలది మాటలు జ్ఞాపకముంచుకొనుడు. తొట్టె కొన్ననాడే చేపలను కొనవలదు; కొన్నను ఒకటి రెంటితో ఆరంభింపుడు. స్పాంజిని తెల్లగా కడుగవలదు. తొట్టెనుండి తీసిన పాత నీటిలోనే రెండుమార్లు పిండి తిరిగి పెట్టుడు. గులకరాళ్లను, స్పాంజిని ఒకేనాడు కదలింపవలదు. వారమున కొకమారు నాలుగవ వంతు నీరు మార్చుడు. అంతరతామర వంటి నీటిమొక్కలు అమోనియాను కొంత పీల్చును. వాటిని పెంచి, కుళ్లిన ఆకులను తీసివేయుడు. చేప నీటిపై నోరు తెరచినచో రోగమని తెలియని మందులు పోయవలదు. వాటిలో కొన్ని ఆ మేలుచేయు జీవులనే చంపును. ముందు నీటిని పరీక్షింపుడు. పరీక్షకు సాధనము లేనిచో మేత మాని, నిలువయుంచిన నీటితో కొంత నీరు మార్చుడు. అన్నిటికంటె ముందు, పిల్లను కసరకుడు.

తుదకొక మాట. సత్యవ్రతుడను రాజు నదిలో తర్పణము విడుచుచుండగా దోసిటిలోనికి ఒక చిన్న చేప వచ్చి శరణు వేడిన కథ మీకందరకును తెలిసినదే. దానిని కమండలువులో నుంచిన కమండలువు చాలలేదు. చెరువులో నుంచిన చెరువు చాలలేదు. కడకు సముద్రమునకు చేర్చవలసి వచ్చెను. ఆ కథలోని పరమార్థమును పెద్దలు చెప్పుదురు. నాకు ఈనాడు అందలి చిన్న యర్థమొకటి కనబడుచున్నది. చేపను దోసిట పట్టినవాడు దానికి చాలినంత నీటిని చూపవలసిన ఋణము కూడ పట్టుకొన్నవాడే.

బంగారు చేప చేయంత పొడవు పెరుగగలది. యాబది లీటర్లు ఆ రెండింటికి చాలవు. కావున మొన్న వేసవిలో పెరటి వేపచెట్టు క్రింది పాత సిమెంటు గోలెమును నీటితో నింపి కొన్నినాళ్లుంచి, పీ.హెచ్. చూచిన తరువాత, స్పాంజిని, గులకరాళ్లను కడుగకయే చేపలతో కూడ అందులోనికి మార్చితిమి. అందు మూడువందల లీటర్ల నీరు పట్టును. పిల్ల బడినుండి వచ్చి ఇప్పుడు పెరటిలోనికి పోవుచున్నది. పండుగ దగ్గరపడుచున్నది. ఇల్లంతయు సున్నము వేయుదుము. గోలెము నాచుపట్టి పచ్చగా నున్నది; దానిని ముట్టను.